వచ్చే నెల నుంచి పాతికవేలు!

స్కూళ్లు తెరుస్తున్నారంటే పిల్లలకు పుస్తకాల బరువు, పెద్దలకు ఓనరు భయం. అద్దె ఎంత పెంచొచ్చు? ఇంతకు మించి కుదరదనే హక్కు కిరాయిదారుకు ఉందా? ఉంటే ఏ కాగితంలో ఉంది?

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. హైదరాబాద్ నిజాంపేటలో నాలుగంతస్తుల బిల్డింగు, రెండో అంతస్తు. కుక్కరు మూడో విజిల్ వేస్తుండగా కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఓనరు గారు.

"రండి అంకుల్, టీ పెట్టనా?"

"వద్దమ్మా, ఇప్పుడే తాగి వచ్చా." కుర్చీ అంచున కూర్చున్నారాయన. ఫ్యాన్ వైపు చూశారు, గోడ మీద పిల్ల గీసిన క్రేయాన్ గీతల వైపు చూశారు. "పక్క బిల్డింగులో డబుల్ బెడ్‌రూమ్ పాతిక పలుకుతోందమ్మా. మీరు కాబట్టి ఇన్నాళ్లూ పద్దెనిమిదికే ఉంచాను. వచ్చే నెల నుంచి పాతిక చేసుకుందాం. కుదరదంటే మొహమాటపడకుండా చెప్పేయండి. మా చుట్టాలబ్బాయి అడుగుతున్నాడు."

ఈ చుట్టాలబ్బాయి ప్రతి ఓనరుకూ ఉంటాడు. అతణ్ని కళ్లారా చూసిన కిరాయిదారు మాత్రం ఇంకా పుట్టలేదు.

లోపలి గదిలో కూతురు కొత్త నోటు పుస్తకాలకు అట్టలేసుకుంటోంది. మొదటి టర్మ్ ఫీజు కట్టేశారు. బస్సు ఈ వీధి చివరే ఆగుతుంది. పైగా వచ్చేది ఆషాఢం. శూన్యమాసంలో పాలు పొంగిస్తామంటే ఊళ్లో ఉన్న అత్తగారు ఒప్పుకోరు. ఇవన్నీ ఓనరుకు తెలుసు, అందుకే ఈ ఆదివారం వచ్చారు. ఆయన మెట్లు దిగాక భర్త బీరువాలోంచి అగ్రిమెంటు తీశాడు. వంద రూపాయల స్టాంపు కాగితం, ఏడో పాయింటు: పదకొండు నెలలకోసారి అయిదు శాతం పెంపు. అంటే పద్దెనిమిదివేలు 18,900 కావాలి. ఓనరు అడిగింది దాదాపు 39 శాతం.

కొండాపూర్, ఉప్పల్, విశాఖ మధురవాడ, విజయవాడ పటమట... ఊరు మారితే అంకె మారుతుందేమో గానీ, మాటల వరస ఇంచుమించు ఇదే.

ఎక్కేటప్పుడే మెట్లు

కొవిడ్ రోజుల్లో హైదరాబాద్ గేట్లన్నీ టులెట్ బోర్డులే. సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు సర్దుకుని ఊళ్లకు పోతే, ఓనర్లే ఫోన్ చేసి ఓ రెండువేలు తగ్గిస్తాం, ఉండండి అని బతిమాలారు. ఆఫీసులు తెరిచాక కథ తిరగబడింది. అందరూ ఒక్కసారే వచ్చారు, అందరికీ ఆఫీసు దగ్గరే ఇల్లు కావాలి.

ఇంకో కారణం బ్యాంకు వైపు నుంచి వచ్చింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. అప్పు చేసి ఫ్లాటు కొన్న ఓనరుకు ఈఎంఐ బరువెక్కింది, ఆ బరువు కిరాయిదారు నెత్తిన పడింది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య అదే రేటు ఒక శాతం దిగింది. ఆ తగ్గుదలను చూపించి కిరాయి తగ్గించిన ఓనరు ఎవరైనా ఉంటే ఆయనకు సన్మానం చేయాలి.

బ్రోకరు సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇల్లు చేతులు మారితేనే అతనికి ఒక నెల కిరాయి కమీషన్. పాత కిరాయిదారు అలాగే ఉండిపోతే పైసా రాదు. "సార్, మీ ఫ్లాటుకు పాతిక ఈజీగా వస్తుంది" అన్న మాట ఓనరు చెవిన మొదట పడేది చాలాసార్లు అక్కడి నుంచే.

3,500 దగ్గర గీత

"రెంట్ కంట్రోల్ యాక్ట్ ఉంది, కోర్టుకెళ్తా!" ఓనరుతో మాటామాటా పెరిగినప్పుడు కిరాయిదారు నోట వచ్చే మాట ఇదే. చట్టం ఉన్నమాట నిజమే. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాద్ చట్టం నడిచేవి. వాటి స్థానంలో రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపుల నియంత్రణ చట్టం తెచ్చారు.

చదివితే కిరాయిదారుకు ప్రాణం లేచివస్తుంది. న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని రెంట్ కంట్రోలర్‌ను అడగొచ్చు. కట్టిన ప్రతి అద్దెకూ రసీదు అడిగి తీసుకునే హక్కుంది. పెంచిన అద్దె ఇస్తేనే తీసుకుంటానని ఓనరు మొండికేస్తే, ఏ బ్యాంకులో వేయాలో పది రోజుల్లో చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. చెప్పకపోతే మనియార్డరు పంపాలి. అదీ తిరిగొస్తే కంట్రోలర్ దగ్గర జమచేయాలి. ఇలా చేసినవాణ్ని అద్దె ఎగ్గొట్టాడని ఖాళీ చేయించడం కష్టం. బయటికి పంపాలంటే చట్టంలో రాసిన కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాల్సిందే: కావాలని అద్దె ఎగవేయడం, ఇంకొకరికి అద్దెకివ్వడం, భవనాన్ని పాడుచేయడం, ఓనరుకే నిజంగా ఇల్లు అవసరపడటం లాంటివి.

ఇంత మంచి చట్టం మీకు వర్తిస్తుందా అన్నదే చిక్కు. 2005లో సవరణ చేశారు. కట్టి పదిహేనేళ్లు నిండని భవనాన్ని ఈ చట్టం ముట్టుకోదు. నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెనూ, మిగతాచోట్ల 2,000 దాటిన అద్దెనూ ముట్టుకోదు. ఆ అంకెల లోపు ఇప్పుడు హైదరాబాద్‌లో ఏమొస్తుందో చూడండి. ఎస్సార్ నగర్ హాస్టల్లో నలుగురు పడుకునే గదిలో ఒక మంచం దొరికినా గొప్పే. ఇరవై ఏళ్లలో అద్దెలు ఎన్ని రెట్లయ్యాయో అందరికీ తెలుసు. తెలంగాణలో ఆ గీత మాత్రం గీసినచోటే ఉంది. ఈ గొడుగు కింద మిగిలింది ఎక్కువగా సుల్తాన్‌బజార్, ఆబిడ్స్ లాంటి చోట్ల తాతల నాటి కిరాయి దుకాణాలు, పాతబస్తీ ఇళ్లే. నిజాంపేట డబుల్ బెడ్‌రూమ్ ఆ గొడుగుకు ఆమడ దూరంలో ఉంది.

మినహాయింపుల కథ 2005లో మొదలైంది కూడా కాదు. మొదట్లో 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలన్నిటినీ చట్టం నుంచి తప్పించారు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు ప్రోత్సాహం అన్నారు. పాతికేళ్లు దాటినా అదే మినహాయింపు సాగుతుంటే 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ డిసెంబరులోనే ప్రభుత్వం జీవో తెచ్చి, పదేళ్లలోపు భవనాలనూ, వెయ్యి రూపాయలు దాటిన అద్దెలనూ మళ్లీ మినహాయించింది. కిరాయిదారు సంబరం రెండు నెలలే.

[బాక్స్] 1944 ఏప్రిల్ 5
1960 చట్టం ప్రకారం న్యాయమైన అద్దె తేల్చాలంటే కంట్రోలర్ ముందుగా చూడాల్సింది, 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో అలాంటి ఇంటికి ఎంత అద్దె ఉండేదన్నది. దాంతోపాటు మున్సిపాలిటీ పన్ను పుస్తకంలో రాసిన అద్దె విలువ చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇళ్ల కరువుకు వేసిన కట్టు ఇది. ఇప్పటి మాదాపూర్ ఫ్లాటుకు 1944 నాటి పోలిక వెతకాలంటే ముందు ఆనాటి పొలంగట్లు వెతకాలి.

పదకొండు నెలల కాగితం

రెంట్ కంట్రోల్ లేకపోతే ఇంకేముంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది, మీ అగ్రిమెంటు ఉంది. అద్దె ఇంత మించకూడదని ఆ పాత చట్టం ఎక్కడా చెప్పదు. ఒప్పుకున్నదే అద్దె.

అందుకే ఆ స్టాంపు కాగితం మీద ఏముందన్నదే కిరాయిదారు బలం. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలని రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది, మన దగ్గర 1999 సవరణ తర్వాత ఏ లీజైనా రిజిస్టరు చేయాల్సిందే. అయినా ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఎందుకని పాత అలవాటు ప్రకారం పదకొండు నెలలకే రాసుకుంటారు. ఆ పదకొండు నెలలు నడుస్తుండగా, కాగితంలో లేని పెంపు అడిగే హక్కు ఓనరుకు లేదు. "మార్కెట్ రేటు పెరిగింది" అన్నది కారణం కాదు. అయిదు శాతం అని రాసి ఉంటే అయిదు శాతమే, అదీ రాసిన నెల వచ్చాకే.

గడువు అయిపోయాక పరిస్థితి వేరు. కొత్తగా రాసుకోకుండా మీరు అద్దె పంపుతూ, ఆయన తీసుకుంటూ ఉంటే అది నెలవారీ కిరాయి అవుతుంది. అప్పుడు ఓనరు ఎంతైనా అడగొచ్చు, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోనందుకు ఆయన పదిహేను రోజుల నోటీసిచ్చి కిరాయి రద్దు చేయొచ్చు. చాలామంది ఇక్కడే బెంబేలెత్తుతారు. పదిహేను రోజులు దాటితే సామాన్లు రోడ్డున పడేస్తారనుకుంటారు. నోటీసు గడువు దాటితే ఓనరుకు వచ్చేది సివిల్ కోర్టులో దావా వేసే హక్కు. మీ తలుపుకు తాళం వేసే హక్కు రాదు. అలాగని దావా నడిచే రోజులన్నీ పాత అద్దెకే కాలుమీద కాలేసుకుని ఉండొచ్చనీ కాదు. ఓడిపోతే నోటీసు తర్వాతి నెలలకు మార్కెట్ రేటున నష్టపరిహారం కట్టమని కోర్టు చెప్పగలదు.

అసలు అగ్రిమెంటే లేనివాళ్ల సంగతి? పోర్షన్లలో, పాత డాబాల్లో ఉండేవాళ్లలో చాలామందికి నోటిమాటే ఒప్పందం. ఇంట్లో ఉంటూ నెలనెలా అద్దె కడుతుంటే, కాగితం లేకపోయినా రిజిస్టరు కాకపోయినా నెలవారీ కిరాయిదారే అవుతారని ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆ రుజువు కోసమే అద్దె చేతికివ్వకుండా ఫోన్‌లో పంపడం మంచిది. పంపేటప్పుడు ఏ నెల అద్దో నోట్‌లో రాయండి. హాస్టళ్లలో, పీజీల్లో ఉండేవాళ్లకు ఈ వెసులుబాటు తక్కువ. అక్కడ మీరు చాలావరకు అనుమతితో ఉంటున్నవాళ్లే, కిరాయిదారులు కారు.

మోటర్ స్విచ్ ఎవరి చేతిలో?

కోర్టుకెళ్లే ఓనర్లు తక్కువ. ఏళ్లు పడుతుందని వాళ్లకూ తెలుసు. వాళ్ల చేతిలో ఇంతకంటే చవకైన ఆయుధాలున్నాయి. సంపు మోటర్ పొద్దున ఏడింటికి వేసేది తొమ్మిదింటికి వేస్తారు. సబ్‌మీటరు యూనిట్ రేటు ఒక్కసారి పెరుగుతుంది. పార్కింగ్‌లో మీ స్కూటర్ చోట వాళ్ల పాత సోఫా వచ్చి కూర్చుంటుంది. లిఫ్టు రిపేరంటారు. హెచ్‌ఆర్‌ఏ కోసం పాన్ నంబరు అడిగితే (ఏడాది అద్దె లక్ష దాటితే అది ఇవ్వాల్సిందే) "పాన్ కావాలంటే ఇంకో రెండువేలు పడుతుందమ్మా" అంటారు. చుట్టాలొస్తే "ఇంతమందా?" అన్న చూపు. ఇందులో ఏ ఒక్కటీ పోలీస్ స్టేషన్‌లో చెప్పుకునేంత పెద్దగా కనిపించదు. అన్నీ కలిస్తే మూడు నెలల్లో ఆ కుటుంబమే టులెట్ బోర్డులు వెతుక్కుంటుంది.

నీళ్లు, కరెంటు పూర్తిగా ఆపేస్తే మాత్రం అది చిల్లర గొడవ కాదు. విద్యుత్ చట్టం (2003) ప్రకారం కనెక్షన్ అడిగే హక్కు ఓనరుకే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకూ ఉంది. నీళ్లు, కరెంటు ఆపకుండా, బలవంతంగా ఖాళీ చేయించకుండా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగొచ్చు. తాళం వేసేశాక కూడా దారి మూసుకుపోదు. చట్టప్రకారం కాకుండా బయటకు గెంటితే, ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి ఇల్లు తిరిగి పొందొచ్చు. అక్కడ ఇల్లెవరిదన్న ప్రశ్నే రాదు, అందులో ఉన్నదెవరు, ఎలా గెంటారన్నదే చూస్తారు.

స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మ్యాటరమ్మా, కోర్టులో చూసుకోండి" అంటారు. అద్దె ఎంతన్నది సివిల్ మ్యాటరే. దారికి అడ్డం నిలబడటం, బెదిరించడం, ఇంట్లోకి చొరబడటం మాత్రం భారతీయ న్యాయ సంహితలో నేరాలు. ఫిర్యాదులో అద్దె గొడవ నాలుగు పేజీలు రాయకుండా, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు, ఏం చేశారో నాలుగు వాక్యాల్లో రాస్తే ఆ జవాబు మారే అవకాశం ఉంది.

[బాక్స్] కోర్టు మాట
• 1989, కృష్ణారామ్ మహాలే కేసు: స్థిరంగా ఒక చోట ఉంటున్న మనిషికి అక్కడ ఉండే హక్కు లేదనుకున్నా సరే, చట్టాన్ని ఆశ్రయించకుండా యజమాని అతణ్ని ఖాళీ చేయించకూడదు.
• 2022, దిలీప్ - సతీశ్ కేసు: కరెంటు మనిషికి కనీస అవసరం. ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న సాకుతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించకూడదు.

అంకుల్ వైపు నుంచి

ఓనరు మాటా వినాలి. ఇలాంటి కథనాల్లో ఆయన ఎప్పుడూ విలనే అవుతాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పోసి పైన రెండంతస్తులు వేసుకుని, ఆ అద్దెతోనే మందులు కొనుక్కునే దంపతులు ప్రతి కాలనీలో ఉన్నారు. ఆస్తి పన్ను, లిఫ్టు రిపేరు, ఎండాకాలం ట్యాంకర్లు, అన్నీ వాళ్ల మీదే. అద్దె ఎగ్గొట్టి, ఖాళీ చేయక, కోర్టు వాయిదాల మీద ఏళ్లు గడిపే కిరాయిదారులూ తక్కువేం కాదు. అద్దెలను ఎప్పటికీ గడ్డకట్టించి ఉంచడం న్యాయం కాదని 1997లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టే అంది. ఊరి నడిబొడ్డున వందల్లో కిరాయి కట్టే దుకాణం, దాని ఓనరు మొహం చూసినవాళ్లెవరూ ఆ తీర్పుతో పేచీ పెట్టరు.

అందుకని అద్దె పెరగకూడదన్న వాదన నాది కాదు. ఏటా అయిదో పదో శాతం పెరిగితే కుటుంబం తట్టుకుంటుంది, దానికి తగ్గట్టు ఖర్చు సర్దుకుంటుంది. ఏడువేలు ఒక్కసారి, అదీ నెల ముందు, అదీ ఫీజు కట్టిన వారానికే అంటే, అది ఖాళీ చేయమని చెప్పడమే. కాకపోతే నోటీసు ఇవ్వకుండా, కోర్టు గడప ఎక్కకుండా చెప్పడం.

[బాక్స్] అక్కడెలా?
బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిన మనవాళ్లు పది నెలల అడ్వాన్సు అడిగారని గుండెలు బాదుకున్న రోజులున్నాయి. అక్కడి 1999 చట్టానికీ గీత 3,500 దగ్గరే. ఢిల్లీలోనూ 1988 నుంచి అదే అంకె. మూడు నగరాలు కూడబలుక్కున్నట్టు ఒకే చోట ఆగాయి. మన పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్న కాలిఫోర్నియా 2020 జనవరి నుంచి ఇంకో దారి పట్టింది: ఏడాదిలో పెంపు అయిదు శాతం, దానిపైన ద్రవ్యోల్బణం, ఏదేమైనా పది శాతం మించకూడదు. పదిహేనేళ్లలోపు భవనాలకు అక్కడా మినహాయింపు ఉంది. అద్దె ఎంతైనా సరే, పాత భవనమైతే పెంపుకు అడ్డుకట్ట ఉంది. మన దగ్గర అద్దె పెద్దదైతే చట్టమే పక్కకు తప్పుకుంటుంది.

కొత్త చట్టం, పాత ప్రశ్న

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టానికి ఆమోదం తెలిపింది. రాష్ట్రాలు తమ చట్టాలు దీన్నిబట్టి చేసుకోవాలి. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు. గడువు మధ్యలో, కాగితంలో రాయని పెంపు కుదరదు. పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఇల్లు చూడటానికి ఓనరు రావాలంటే ఒకరోజు ముందు కబురు చేయాలి, పొద్దు పొడవక ముందు, పొద్దుగూకిన తర్వాత రాకూడదు. నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఓనరుకూ ఇందులో బలముంది: గడువు దాటినా ఖాళీ చేయని కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు అద్దె కట్టాలి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణలో 1960 నాటిదే నడుస్తోంది.

అయితే నమూనా చట్టం కూడా అద్దె ఇంత మించకూడదని ఎక్కడా అనదు. ఓనరూ కిరాయిదారూ ఎంతకు ఒప్పుకుంటే అంతే. అది ఇచ్చేది వ్యవధి. పెంపుకు మూడు నెలల ముందు నోటీసు అంటే, నిజాంపేట కుటుంబం ఆ మాట స్కూలు ఫీజు కట్టకముందే వినేది. బేరమాడటానికో, ఇల్లు చూసుకోవడానికో ఎండాకాలం సెలవులు చేతిలో ఉండేవి.

ఈ వారమే చేయగలిగింది

మొదటి పని, నోటిమాటకు నోటితో జవాబివ్వకపోవడం. "అంకుల్, అగ్రిమెంటు ఏడో పాయింటు ప్రకారం 18,900 పంపుతున్నాను" అని వాట్సాప్‌లో మర్యాదగా రాసి, అదే రోజు అద్దె పంపేయండి. ఆయన ఒప్పుకోకపోయినా అద్దె ఎగ్గొట్టారన్న మాట మీ మీద పడదు. పక్క వీధిలో మీ ఇల్లులాంటివాటికి ఎంత నడుస్తోందో రెండు మూడు చోట్ల కనుక్కోండి. పాతిక అని చెప్పిన ఇల్లు నిజంగా పాతికకు పోయిందా, బోర్డు మీద ఇంకా వేలాడుతోందా అన్నది బేరంలో పనికొస్తుంది. ఇల్లు ఖాళీగా ఉండే ఒక నెల, బ్రోకరు కమీషన్, కొత్త పెయింటు, ఇవన్నీ ఓనరు నష్టమే. ఆ లెక్క ఆయన ముందు పెడితే పాతిక ఇరవైకో, ఇరవై ఒకటికో దిగొచ్చు.

అడ్వాన్సు గొడవ ఖాళీ చేసే రోజు మొదలవుతుంది. పెయింటింగ్ పేరున ఒక నెల, "గోడకు మేకులు కొట్టారు" అని ఇంకొంత కోస్తారు. చేరిన రోజే గది గదికీ ఫోన్‌లో వీడియో తీసి ఓనరుకు పంపండి. వెళ్లేరోజు కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకుని, తాళాలు ఇచ్చినట్టు ఒక మెసేజ్ తీసుకోండి.

మాటలతో కాకపోతే లాయరుకంటే ముందు వెళ్లాల్సిన చోటు ఒకటుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే ఓనరును పిలిపించి లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టమని అర్జీ పెట్టొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. అద్దె ఎంత, ఎప్పటి నుంచి, అడ్వాన్సులో కోత ఎంత, ఖాళీ చేయాలంటే పరీక్షలయ్యే దాకా ఆగుతారా, అన్నీ ఆ కాగితంలో రాయించుకోవచ్చు.